నడక నేర్చిన బిడ్డ – పెరట్లో నీరు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మాస్టారూ, బడికి రాని పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. బడి మానేసిన పిల్లలని వారి ఉద్దేశం. నేను మాత్రం ఇంకా బడి ఈడు రాని పిల్లల గురించి మాట్లాడదలిచాను. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలు. వాళ్లు బతికి బట్టకడితేనే కదా రేపు నా తరగతికి వచ్చి అలిఫ్, బే దిద్దేది.

ఈ వయసు బిడ్డకు ఇల్లే ప్రపంచం, ప్రమాదం కూడా ఇంట్లోనే. టీకాలు వేయించుకుంటున్నాం. విరేచనాలైతే ఉప్పూ పంచదార నీళ్లు పట్టాలని ఈనాడు తెలియని తల్లి లేదు. కానీ పెరట్లో ఉన్న గుంట గురించి మనం ఎంత ఆలోచించాం? మన కోనసీమలో ఇంటి భద్రత అంటే ముందుగా నీటి నుంచి భద్రత. అందుకని నా ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

మన నేల సంగతి

గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న నేల మనది. నడుమ వైనతేయ. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు. ఆ తర్వాత కాలువలు, వాటినుంచి పిల్ల కాలువలు, వాటినుంచి పంట బోదెలు మన గుమ్మాల ముందుకు వచ్చాయి. ఆ నీరే మనకు వరి ఇచ్చింది, కొబ్బరి ఇచ్చింది. కాటన్ దొర పేరు తలవని ఊరు లేదు. ఆ నీటిని తప్పుపట్టడానికి నేను రాలేదు. ఆ నీటి పక్కన బిడ్డను పెంచే పద్ధతి గురించి చెప్పడానికి వచ్చాను.

ఒక్కసారి మీ ఇంటి చుట్టూ మనసులోనే తిరిగి రండి. వీధి వైపు కాలువో బోదెయో. పెరట్లో నుయ్యి, దాని ఒర మోకాలెత్తు కూడా ఉండదు. నూతి పక్కన గాబు. పశువులుంటే కుడితి గోలెం. ఇల్లు మెరక చేసుకోవడానికి మట్టి తీసిన చోట ఒక గుంట, అందులో వర్షాకాలమంతా నీరు, పైన పచ్చగా నాచు. కొత్త ఇళ్లకైతే నేలలోపల సంపు, దానిమీద రేకు మూత. కొన్నాళ్లుగా ఇళ్లను ఆనుకునే రొయ్యల చెరువులు, చేపల చెరువులు వచ్చాయి. వాటి గట్టు ఏటవాలుగా, జారుడుగా ఉంటుంది, పక్కనే ఏరేటర్లకు కరెంటు వైర్లు. వరద వచ్చిన ఏడు లంక గ్రామాల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు, నీరు మెట్లమీదికే వస్తుంది. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్లకు గుర్తుంది, 2022 జూలై వరద మనందరం చూశాం.

ఇంకొక సంగతి గమనించారో లేదో. వేసవిలో కాలువలు కడతారు. అడుగు ఎండిపోతుంది. పిల్లలు అందులో దిగి ఆడుకోవడం అలవాటు చేసుకుంటారు. జూన్‌లో నీరు వదులుతారు. నిన్నటి ఆటస్థలం ఈరోజు కాలువ. ఈ మార్పు రెండేళ్ల బిడ్డకు ఎవరు చెబుతారు? కాలువలు వదిలే వారం ప్రతి ఇంటా ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన వారం.

బిడ్డ ఎలా మునుగుతుంది

"మునిగితే కేక వేయదా? నీళ్ల చప్పుడైనా వినపడదా?" అని చాలామంది అడుగుతారు. వినపడదు. సినిమాల్లో చూపించేలా చేతులు ఊపడం, అరవడం ఉండదు. బిడ్డ నోరు నీళ్లలో ఉంటే గొంతు ఎలా లేస్తుంది? నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

ఈ వయసు పిల్లలకు శరీరంలో తల బరువు ఎక్కువ. గాబులోకి వంగి చూసినా, బకెట్‌లో చేయి పెట్టబోయినా తలకిందులుగా పడతారు. పడ్డాక చేతులతో లేపుకుని బయటికి రాగల బలం ఉండదు. అందుకని లోతైన నుయ్యే అక్కరలేదు, జానెడు నీళ్లున్న బకెట్ చాలు. గాలి అందక నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుని వచ్చే వేళ అది. ఫోనులో మాట్లాడి పెట్టేసే వేళ అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పిల్లలు. ఎక్కువ మరణాలు మనలాంటి దేశాల్లోనే. అదే ఏడాది ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి దీనిమీద తీర్మానం చేసి జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ తీర్మానానికి చొరవ తీసుకున్న దేశాల్లో ఒకటి బంగ్లాదేశ్.

మనలాంటి మరో డెల్టా

బంగ్లాదేశ్ మాట ఎందుకు తెచ్చానంటే, ఆ దేశపు పల్లెలు మన పల్లెల్లాంటివే. అక్కడా నదుల మధ్య నేల, వరి, ఇల్లు మెరక చేసుకోవడానికి తవ్విన గుంట, ఇంటి వెనకే చెరువు. అక్కడ మత్‌లబ్ అనే ప్రాంతంలో 1966 నుంచి ప్రతి పుట్టుకా ప్రతి చావూ రాసిపెడుతున్నారు. టీకాలు, విరేచనాల వైద్యం వచ్చాక చిన్నపిల్లల మరణాలు బాగా తగ్గాయి. కానీ మిగిలిన మరణాల్లో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల లెక్క చూస్తే నీట మునగడం ముందుకు వచ్చింది. రోగం తగ్గింది, గుంట అలాగే ఉంది.

అక్కడివారు మరొకటి కూడా గమనించారు. ఈ ప్రమాదాలు దూరాన ఉన్న పెద్ద నదిలో జరగడం లేదు. ఎక్కువగా ఇంటికి ఇరవై మీటర్ల లోపు గుంటల్లో, చెరువుల్లో జరుగుతున్నాయి. అర్ధరాత్రి కాదు, ఉదయం తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ నడుమ ఎక్కువ. అంటే తల్లి వంటలో, బట్టలుతకడంలో మునిగి ఉండే వేళ, తండ్రి పనికి పోయిన వేళ, పెద్దపిల్లలు బడిలో ఉన్న వేళ.

దానికి వారు కనిపెట్టిన ఉపాయం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఊళ్లోనే ఒక ఇంట్లో ఒక గది. దానికి 'ఆంచల్' అని పేరు పెట్టారు, అంటే కొంగు. ఊరి స్త్రీయే ఒకామె, ఆమెకు తోడు ఇంకొకామె, ఇద్దరూ శిక్షణ పొందినవాళ్లు. పాతికమంది దాకా పిల్లలు. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వాళ్లక్కడే పాటలు, ఆటలు, బొమ్మలతో ఉంటారు. అంతే. ఈ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో నీట మునిగే మరణాలు ఎనభై శాతానికి పైగా తగ్గాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. 2022లో ఆ దేశ ప్రభుత్వమే ఇలాంటివి 8 వేల కేంద్రాలు పెట్టే పథకాన్ని ఆమోదించింది.

తల్లి ఏం చేస్తోంది అని అడగకండి

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. బిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు మనలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "తల్లి ఏం చేస్తోందమ్మా ఆ టైములో?" రెండు, "తఖ్దీర్ భాయీ, ఎవరు ఆపగలరు?"

మొదటి మాట ఆ తల్లిని బతికుండగానే చంపుతుంది. ఆమె ఏం చేస్తోంది? మీరు, నేను తినే అన్నం వండుతోంది. మంచాన ఉన్న అత్తగారికి నీళ్లు ఇస్తోంది. ఒక మనిషికి రెండు చేతులు, రెండు కళ్లు. పది పనులు అప్పజెప్పి పదకొండో పనిగా బిడ్డను చూడమంటే అది చూడటం కాదు.

రెండో మాట దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు, నేను కాదనను. కానీ అది జరిగిన తర్వాత చెప్పుకునే మాట. జరగకముందు చేయవలసినది తద్‌బీర్. ఒంటెను గుంజకు కట్టి ఆ తర్వాత దేవుడిమీద భారం వేయమని మన పెద్దలు ఎన్నిసార్లు చెప్పలేదు! నూతికి మూత వేయకుండా తఖ్దీర్ అనడం కట్టని ఒంటెను వెతుక్కోవడమే.

మన ఇళ్లలో మరో సంగతి ఉంది. కొడుకో కూతురో కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. బిడ్డ దాదీ దగ్గరో నానీ దగ్గరో పెరుగుతుంది. ఆమె ప్రేమకు కొరత లేదు, కానీ మోకాళ్లు సహకరించవు. రెండేళ్ల బిడ్డ వాకిలి దాటి పరుగెడితే అరవయ్యయిదేళ్ల మనిషి అందుకోగలదా?

ఇంకొన్ని ఇళ్లలో చూసే పని ఎనిమిదేళ్ల ఆపా మీద పడుతుంది. ఇది నేను హాజరుపట్టీలో చూస్తున్న సంగతి. మూడో తరగతి ఆడపిల్ల వారంలో రెండ్రోజులు రాదు. ఎందుకు రాలేదమ్మా అంటే, "తమ్ముణ్ణి చూడమన్నారు సార్" అంటుంది. ఆ పిల్లకు చదువూ పోతుంది, తమ్ముడికి భద్రతా ఉండదు, ఎందుకంటే ఆమే ఇంకా చిన్నపిల్ల. రేపు ఏదైనా జరిగితే ఆ భారం ఆ పసిమనసు జీవితాంతం మోయాలి. అక్కచెల్లెళ్లారా, దయచేసి ఈ పని పిల్లలకు అప్పగించకండి.

ఇంట్లో చేసుకోవలసినవి

ఇప్పుడు చేతల సంగతి. డబ్బున్నవారూ లేనివారూ చేసుకోగలిగినవే చెబుతాను.

ఒకటి. గుమ్మానికి అడ్డు. మన తాతల కాలంలో పంచకు తడిక ఉండేది. కోళ్లు లోపలికి రాకుండా అని పెట్టేవారు, దానివల్ల బిడ్డ బయటికి పోకుండా కూడా ఉండేది. ఇప్పుడు మార్బుల్ గచ్చు వేశాం, తడిక తీసేశాం. వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ రెండున్నర, మూడడుగుల ఎత్తు తలుపు పెట్టించండి. కర్రదైనా సరే, ఇనుపదైనా సరే. గొళ్లెం బయటి వైపు, పైన ఉండాలి. అడ్డపట్టీలు కాక నిలువు పట్టీలు వేయించండి, అడ్డపట్టీలైతే బిడ్డకు నిచ్చెన అవుతాయి. పట్టీల మధ్య సందు మూడు, నాలుగు వేళ్లకు మించకూడదు.

రెండు. నూతి ఒర పెద్దవాళ్ల నడుమెత్తుకు పెంచండి. పైన ఇనుప ఊచల మూత, దానికి తాళం. ఒర పక్కన బిడ్డ ఎక్కడానికి వీలుగా రాయి, బకెట్, పీట ఉంచకండి. సంపు మూతకూ తాళం ఉండాలి. రేకు మూత మూత కాదు.

మూడు. వాడని గుంట పూడ్చండి. పూడ్చలేకపోతే చుట్టూ దడి కట్టండి. కొబ్బరి మట్టలకు కోనసీమలో కరువా? ఏటా వర్షాలకు ముందు దాన్ని మార్చండి.

నాలుగు. పని అయిపోగానే బకెట్ బోర్లించండి. స్నానాలగది తలుపు గడియ పైకి బిగించండి. గాబుకూ గోలేనికీ బరువైన మూత వేయండి. బిడ్డకు నీళ్లు పోస్తున్నప్పుడు ఫోను మోగితే మోగనివ్వండి. తప్పనిసరైతే తడి బిడ్డను తువ్వాలులో చుట్టి చంకన వేసుకునే వెళ్లండి.

ఐదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిడ్డను ఎవరు చూస్తారో పేరు పెట్టి అనుకోండి. "అందరం ఉన్నాంగా" అనకండి. "ఈ గంట నువ్వు, ఆ గంట నేను" అనండి. చేతులు మారినప్పుడు నోటితో చెప్పండి: "ఇదిగో బాబును నీకు ఇస్తున్నా." పెళ్లిళ్లలో, వలీమాల్లో ఇది మరీ అవసరం. పదిమంది చేరిన చోట పాము చావదంటారు. అరవైమంది బంధువులున్న ఇంట్లో బిడ్డ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఫంక్షన్ హాలు కాలువ పక్కనుంటే, దావతు పెట్టేవారే పిల్లల కోసం ఇద్దరు మనుషుల్ని గేటు దగ్గర పెట్టాలి.

నీరు కాక మిగతావి త్వరగా చెబుతాను. బిర్యానీ దేగ్‌లు దింపే చోటికి, గంజి వార్చే చోటికి పిల్లలు రాకుండా తాడు కట్టించండి. వేడి టీ పట్టుకుని బిడ్డను ఎత్తుకోవద్దు. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీటి ధార కింద ఉంచండి. పేస్టు, సిరా, వెన్న పూయవద్దు. పొలం మందు, ఫినాయిలు, బాత్‌రూము యాసిడ్ ఎన్నడూ కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. వాటిని తాళం వేసి పైన పెట్టండి. పొరపాటున తాగితే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకుపోండి. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండీలాంటి బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతు కాలిపోతుంది, తెల్లారేదాకా ఆగకండి. సపోటా గింజ, చింతగింజ, వేరుసెనగ గుళ్లు నాలుగేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. కిందనున్న ప్లగ్గులకు మూతలు, మెయిన్ దగ్గర షాక్ కొడితే దానంతట అదే ఆగిపోయే స్విచ్చి పెట్టించండి.

జరగరానిది జరిగితే

మునిగిన బిడ్డను తీయగానే మనవాళ్లు చేసే పని, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం. ఎంతో ఆదుర్దాతో చేస్తారు, కానీ దానివల్ల మేలు లేదు, విలువైన నిమిషాలు పోతాయి. కావలసింది నీరు బయటికి రావడం కాదు, గాలి లోపలికి పోవడం.

బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోను చేయాలి. పిలిచినా పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే, తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి, ఛాతీ లేచేంత మాత్రం ఐదుసార్లు ఊపిరి ఊదండి. ఏడాది లోపు బిడ్డకైతే ముక్కూ నోరూ కలిపి మీ నోటితో మూయాలి. అప్పటికీ కదలిక రాకపోతే ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద నొక్కాలి. చిన్నబిడ్డకు రెండు బొటనవేళ్లతో, కొంచెం పెద్దబిడ్డకు ఒక అరచేతి మడమతో. ఛాతీ మందంలో మూడోవంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో ముప్ఫై నొక్కులు, తర్వాత రెండు ఊపిర్లు. సాయం వచ్చేదాకా ఆపకండి. బిడ్డ తేరుకుని ఏడ్చినా ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. ఇది వింటే వచ్చేది కాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవలసినది.

సంఘానికి నా మనవి

అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి, మంచి పని చేస్తున్నాయి. కానీ అక్కడ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన పిల్లలకు. మన ప్రమాదం ఎక్కువ ఉన్నది ఒకటి నుంచి మూడేళ్ల మధ్య. ఆ సందు మనమే పూడ్చుకోవాలి. అందుకని కార్యవర్గానికి మూడు మనవులు.

మొదటిది, వీధికి ఒక గది. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. చుట్టూ దడి, గేటు, తాగునీరు, నాలుగు బొమ్మలు. మన వీధిలోని ఇద్దరు ఖాలాలకు సంఘం నెలనెలా కొంత ముట్టజెప్పాలి. ఇది ఏ ఒక్కరి పిల్లలకో కాదు, వీధిలో పక్కింటి హిందూ సోదరుల పిల్లలు, క్రైస్తవ సోదరుల పిల్లలు కూడా రావాలి. బోదె అందరి గుమ్మాల ముందూ ఉంది.

రెండోది, అమలాపురం, రాజోలు, కొత్తపేట శాఖల సభ్యులు ఇల్లిల్లూ తిరిగి, నాలుగేళ్ల లోపు బిడ్డ ఉండి నూతికి మూతగానీ గుమ్మానికి అడ్డుగానీ లేని ఇళ్ల జాబితా రాయాలి. చేయించుకోలేనివారికి సంఘం చేయించాలి. ఒక వడ్రంగి, ఒక వెల్డింగు మేస్త్రీ మన సభ్యుల్లోనే ఉన్నారు.

మూడోది, ఏటా కాలువలు వదలకముందు ఒక ఆదివారం ఊపిరి ఊదే శిక్షణ. డాక్టర్లను పిలుద్దాం. ఆడవాళ్లకు విడిగా పెడదాం, ఎందుకంటే ఆ సమయంలో దగ్గర ఉండేది వాళ్లే. ఆరేళ్లు దాటిన మగపిల్లలకూ ఆడపిల్లలకూ పెద్దల సమక్షంలో ఈత నేర్పే ఏర్పాటు కూడా చేద్దాం.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లం మనం. రెండు భాషల్లోనూ బిడ్డను కంటిపాప అనే అంటాం. కంటిపాపకు రెప్ప ఉంది కనుక అది భద్రంగా ఉంది. ఆ రెప్ప పని ఒక్క తల్లి చేత చేయించకుండా వీధి అంతా పంచుకోవాలని నా ప్రార్థన.

మీరంతా ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే భోజనానికి కూర్చోకముందు పెరటి తలుపు గడియ ఎంత ఎత్తులో ఉందో ఒకసారి చూడండి. అందనంత ఎత్తులో లేకపోతే రేపు పొద్దున్నే మేస్త్రీని పిలవండి.